దెఖాజిబ అన్నాడు పడవవాడు

ఒరియాలో ‘దెఖాజిబ’ అని ఒక మాట ఉంది. దానికి రెండు అర్థాలు. ఒకటి ‘కనిపిస్తుంది’. రెండోది ‘చూద్దాంలే’. మొదటిది మాట ఇవ్వడం, రెండోది మాట ఇవ్వకుండా తప్పుకోవడం. ఏది ఏ అర్థంలో అన్నారో అనేవాడి ముఖం చూసి తెలుసుకోవాలి. బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి, బజారులో ఒరియా, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ మాట్లాడేవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలియదా అంటే తెలుసు. కానీ ఫోనులో ముఖం కనిపించదు. జరిగిందంతా ఇంతే. మిగతాది వివరణ, తెలుగు మాస్టార్లకు అదొక జబ్బు.

గోపాలపూర్‌కు కాస్త ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఒక తెలుగు పల్లె ఉంది. చేపల వేట మీద బతికే పల్లె. అక్కడి సర్కారు బడిలో నేను పందొమ్మిదేళ్లు పని చేశాను. సర్కారు బడి అన్నమాటే గానీ ఈ సర్‌కి కారు లేదు. స్కూటరుండేది, అది కూడా ఇసక దారి మొదలయ్యేసరికి నన్ను దిగి తోయమనేది. బడిలో ఒరియా పిల్లలకు ఆరు గదులు, తెలుగు పిల్లలకు ఒక గది. గది గుమ్మం మీద ‘తెలుగు మీడియం’ అని రాసి ఉండేది. మీడియం అనడం మర్యాద కోసం. నిజానికి స్మాల్.

అందులో అన్ని తరగతులకూ కలిపి పది మంది పిల్లలు, అందరికీ కలిపి నేనొక్కణ్ణి. వాళ్ల నోట చ అనే అక్షరం స అయిపోతుంది, మాట మొదట వ ఉంటే రాలిపోతుంది. చదువు సదువు, చేప సేప, వెళ్లడం ఎల్లడం. అదేం తప్పు కాదు, వాళ్ల తాతల నాటి పలుకు. కానీ పరీక్ష కాగితం దిద్దేవాడికి ఆ తాతలు తెలియదు కదా. అందుకని పందొమ్మిదేళ్ల పాటు నా ఉద్యోగం స తీసి చ పెట్టడం. ఎర్ర కలాలు ఎన్ని అరిగాయో. ఒక స పోతే ఇంకొక స, అలల్లాగా వస్తూనే ఉండేవి.

పందొమ్మిదో యేడు పై నుంచి కబురొచ్చింది. ఏప్రిల్లో కొత్త హాజరు పట్టీ తెరిచే నాటికి పది మంది ఉంటే తెలుగు గది ఉంటుంది, తొమ్మిదైతే ఒరియాలో కలిపేస్తారు. నేను కార్యాలయానికి వెళ్లి, ఒకరిద్దరు తగ్గినా సర్దుకుంటారా అని అడిగాను. అక్కడి పెద్దమనిషి దస్త్రంలోంచి తల ఎత్తకుండానే దెఖాజిబ అన్నాడు. ఆయన ముఖం నాకు ఎదురుగానే ఉంది కాబట్టి ఏ అర్థంలో అన్నాడో తెలిసింది. ముందే చెప్పేస్తాను, ఆ గదిలో ఇప్పుడు మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలున్నాయి. నన్ను కొడల అనే ఊరి దగ్గర బడికి వేశారు, అక్కడ ఒరియాలో లెక్కలు చెబుతున్నాను. నాకు లెక్కలు రావు, ఆ పిల్లలకు తెలుగు రాదు, కాబట్టి చెల్లుకు చెల్లు.

పది మందీ పది మందిగానే ఉండేవారేమో. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆరో తరగతి పిల్ల నాయనమ్మ బడికి వచ్చింది. అరవై దాటిన మనిషి, ఇసకలో నడిచి నడిచి వెడల్పయిన పాదాలు, గుమ్మంలో నిలబడితే గదిలో వెలుతురు సగమయ్యేది. కొడుకు గుజరాత్ వైపు పెద్ద పడవల మీద పనికి పోయి యేడాదికోసారి వస్తాడు. కోడలు పొద్దున్నే చేపల గంపతో బస్సెక్కుతుంది. మనవరాలి సంగతులన్నీ ఈవిడవే. టీసీ కావాలంది. బరంపురంలో పిల్ల మేనత్త ఉంది, వాళ్లింట్లో ఉంచి ఇంగ్లీషు బడిలో వేస్తారట.

నేను మాతృభాష గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆవిడ ఓపికగా విన్నది. చివరికి, “అమ్మ బాసంటే, ఆళ్లమ్మ ఒరియాలోనే సేపలమ్ముతాది మాస్టారూ” అంది. నా పందొమ్మిదేళ్ల ఉపన్యాసం ఆ ఒక్క ముక్కకి తలకిందులైంది.

పిల్ల నాయనమ్మ వెనకాల నిలబడి ఉంది. మాట తక్కువ పిల్ల. ఆ రోజు నోరు తెరిచి, మేనత్త పిల్లల్ని వాళ్ల బడివాళ్లు బస్సులో తీసుకెళ్లి డాల్ఫిన్లను చూపించారని చెప్పింది. టోపీలు కూడా ఇచ్చారట. ఇందులో ఒక సంగతి బయటివాళ్లకు చెప్పాలి. ఆ పల్లె మగవాళ్లకు డాల్ఫిన్లు వింత కాదు. వేటకు పోతే పడవ పక్కనే ఈదుకుంటూ వస్తాయి. కానీ ఆ పల్లె ఆడవాళ్లు వేట పడవ ఎక్కకూడదు. అది వాళ్ల కట్టుబాటు. సముద్రానికి నూరు అడుగుల దూరంలో పుట్టిన పిల్లకు తండ్రి యేడాదికోసారి చెప్పే కబుర్లే డాల్ఫిన్లు. ముందు ఊపిరి వినబడుతుందట, తరవాత వీపు కనబడుతుందట. మేనత్త పిల్లలు బరంపురంలో మేడ మీద ఉంటూ చూసొచ్చారు, ఈ పిల్ల చూడలేదు.

నాకు ఎక్కడో గుచ్చుకుంది. డాల్ఫిన్లేం గొప్ప, మన బడి తరఫున మనమూ వెళ్దాం, నేను చూపిస్తాను అనేశాను. మాస్టారి నోట వచ్చిన మాట కాబట్టి గదిలో పది మందీ కేక వేశారు. నాయనమ్మ నన్ను పైకీ కిందికీ చూసింది.

“సూపించండి. సూపిత్తే పిల్ల ఒచ్చే యేడూ మీ కాడే ఉంటాది. మాటంటే మాటే.”

టీసీ కోసం తెచ్చిన అర్జీ కాగితం నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుని వెళ్లిపోయింది. అంటే నా తెలుగు గది ఆవిడ రొంటిన ఉందన్నమాట.

రంభలో చిలికా సరస్సు మీద పడవ నడిపే ఒకాయన నంబరు ఒరియా మాస్టారు ఇచ్చాడు. గంజాం జిల్లాలో చిలికా మనకు అందేది రంభ దగ్గరే. సాతపడా అంటే పూరీ వైపు, చాలా దూరం. ఫోను చేసి, డాల్ఫిన్లు కనిపిస్తాయా అని ఒరియాలో అడిగాను. “హఁ సార్, దెఖాజిబ” అన్నాడు. ఎందుకైనా మంచిదని ఇంకోసారి అడిగాను. ఇంకోసారి అన్నాడు. రెండుసార్లు అన్నాడు కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

ఆదివారం పొద్దున్నే రంభ దగ్గరికి వెళ్తున్నానని మా ఆవిడతో అన్నాను. ఏ భార్య అయినా ఆ పేరు వింటే ఒకసారి తలెత్తి చూస్తుంది. మా ఆవిడ పులిహోర కలుపుతూ, టోపీ పెట్టుకోండి, ఎండకు మాడిపోతారు అంది. అది నా మీద నమ్మకమో, నా రూపం మీద అంచనాయో, పెళ్లై ఇరవై ఆరేళ్లయింది, నేను అడగలేదు.

వ్యాను మాట్లాడుకున్నాం. పది మంది పిల్లలు, నేను, ఆడపిల్లల తోడుగా నాయనమ్మ. తోడు అన్నది పైకి చెప్పిన మాట. పరీక్ష హాలుకు పరిశీలకులు వచ్చినట్టు వచ్చింది. ఛత్రపూర్ దాటాక పిల్లలు పాటలు మొదలుపెట్టారు, గంజాం వంతెన మీద రుషికుల్య నది చూసి ఇదేనా చిలికా అన్నారు, హుమ్మా ఉప్పు మడుల దగ్గర తెల్లటి కుప్పలు చూసి ఊరుకున్నారు. నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి పాఠం చెప్పాను. డాల్ఫిన్ చేప కాదు, పిల్లల్ని కని పాలిస్తుంది అన్నాను. నాలుగో తరగతి వాడొకడు, ఆ పాలు ఎవరికి పోస్తుందని అడిగాడు. దాన్ని తెలుగులో ఏమంటారని ఇంకొకడు అడిగాడు. నా దగ్గరున్న నిఘంటువులో ముందురోజే వెతికాను, అక్కడ దొరకలేదు. నిఘంటువులో దొరకనిది నీళ్లలో దొరుకుతుందనుకోవడం నాకే చెల్లింది.

రంభ రేవు దగ్గర పెద్ద బోర్డు ఉంది, దాని మీద నీళ్లలోంచి ఎగురుతున్న డాల్ఫిన్ బొమ్మ. బొమ్మ చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ బోర్డును ఒకసారి ఆప్యాయంగా నిమిరాను, సాక్ష్యం దొరికినట్టు. పడవవాడు నా వయసువాడే, నెరిసిన గడ్డం, మెడలో తువ్వాలు. నమస్కారం పెట్టి నారింజ రంగు కోట్లు తొడిగించాడు. చిన్న సైజువి లేవు. ఒకటో తరగతి వాడి కోటు మోకాళ్ల దాకా వచ్చింది, డిప్ప మోస్తున్న తాబేలులా ఉన్నాడు.

నాయనమ్మ మాత్రం రేవు మెట్టు మీదే ఆగిపోయింది. ఏమైందని అడిగాను.

“నా మొగుడికి పడవుండీది. నా కొడుక్కీ ఉండీది. నేనెక్కడం ఇదే మొదలు.”

వంగి పడవ ముందు భాగాన్ని చేత్తో తాకి కళ్లకద్దుకుంది. చెప్పులు చేత పట్టుకుని ఎక్కింది. వేట పడవ కాదు కాబట్టి తప్పు లేదని తనకు తానే రెండుసార్లు చెప్పుకుంది. మనవరాల్ని పడవ ముక్కు దగ్గర కూర్చోబెట్టి, తాను వెనకాల కూర్చుంది. ఇద్దరూ నీళ్లవైపు తిరిగారు. వాళ్లు కూర్చున్న తీరు చూస్తే నాకు భయం వేసింది. అంత నమ్మకంగా ఎవరూ నా పాఠం వినలేదు.

మొదటి గంట బాగానే గడిచింది. చలికాలపు పక్షులు ఇంకా ఉన్నాయి. వందల కొద్దీ బాతులు నీళ్ల మీద నల్లటి చాపలా పరుచుకుని, మేం దగ్గరికి పోగానే చాప చివర ఎత్తినట్టు లేచేవి. నేను ఒక్కో పక్షి పేరూ చెప్పబోయి, తెలియక, వలస పక్షులు, వలస పక్షులు అంటూ పోయాను. నాయనమ్మకు అవి నచ్చలేదు.

“ఏటి మాస్టారూ, బాతులు సూపిత్తన్నారు? బాతులు మా రేవుకీ ఒత్తాయి.”

అసలువి ముందున్నాయి అన్నాను.

ఆ తరవాత పిల్లలకు డాల్ఫిన్లు కనిపించడం మొదలైంది. అదిగో అని ఒకడు లేచేవాడు. అది నీళ్లలో మునిగి తేలే నీటికాకి. అదిగో అని ఇంకొకడు. అది వలకు పాతిన వెదురు కర్ర. ఆ తరవాత తేలుతున్న థర్మోకోల్ ముక్క, బోర్లా పడ్డ కుండ, ఒక చోట ఎవరిదో చెప్పు. నేను ప్రతిదానికీ ఆశగా మెడ చాచాను. మాస్టారుగా బతుకంతా తప్పు జవాబులు వినడానికి అలవాటు పడ్డవాణ్ణి, కానీ తప్పు జవాబు ఒప్పయితే బాగుండునని అంతగా ఎప్పుడూ కోరుకోలేదు. ముందు కూర్చున్న పిల్ల ఒక్కసారి కూడా అదిగో అనలేదు. వెదురు కర్ర ఏదో, నీటికాకి ఏదో ఆమెకు తెలుసు.

రెండో గంటలో నీళ్లు లోతు తగ్గి నాచు ఎక్కువైంది. పడవవాడు ఇంజను ఆపి, గెడ వేసి తోసి, ఇంజను రెక్కకు చుట్టుకున్న నాచు చేత్తో లాగాడు. నేను వెనక్కి వెళ్లి అతని పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, ఇంకా ఎంత దూరం అని అడిగాను. దేనికి అన్నాడు. డాల్ఫిన్లకి అన్నాను.

అతను నాచు వదిలేసి నా వైపు చూశాడు. అవి ఇక్కడ ఉండవు, సాతపడా వైపు, సరస్సు సముద్రంలో కలిసే చోట ఉంటాయి అన్నాడు. అటు నుంచి దారి తప్పి ఎప్పుడో ఒకటి ఇటు వస్తే వస్తుంది. ఈ పడవతో అంత దూరం పోవాలంటే పొద్దు చాలదు. మరి ఫోనులో కనిపిస్తాయన్నావు కదయ్యా అన్నాను. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. కనిపిస్తాయని నేనెప్పుడన్నాను సార్, చూద్దాం అన్నాను కదా అన్నాడు. అదే మాట. దెఖాజిబ. ఈసారి ముఖం కూడా ఎదురుగా ఉంది, అబద్ధమాడే ముఖం కాదది. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు పెద్దలు. రెండు భాషల మీద కాళ్లు పెట్టినవాడికి ఆ సామెత ఎవరూ చెప్పినట్టు లేదు.

నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కడి నుంచి నా తప్పు మొదలైంది. అంతకు ముందుది పొరపాటు మాత్రమే.

ఇంజను చప్పుడుకి అవి బెదురుతాయి, నిశ్శబ్దంగా ఉంటే వస్తాయి అని ప్రకటించాను. పది మంది పిల్లలు అరగంట సేపు నోరు మూసుకుని కూర్చున్నారు. నా క్లాసులో పందొమ్మిదేళ్లలో సాధించలేనిది ఆ అరగంటలో సాధించాను. పడవ అంచుకు నీళ్లు కొట్టుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందు కూర్చున్న పిల్ల చెవి నీళ్లవైపు వంచి, తండ్రి చెప్పిన ఆ ఊపిరి కోసం వింటోంది. నాకు ఆ చెవిని చూడటం కష్టమై దూరంగా కొండల్ని చూశాను.

పడవవాడికి నా మీద జాలి కలిగింది కాబోలు. మా పాతకాలపువాళ్లు ఆ డాల్ఫిన్‌ను భువాసుణి అంటారు, కొత్త కోడలు అని అర్థం, ముసుగు తీసీ తీయనట్టు ఒక క్షణం కనిపించి లోపలికి పోతుంది అని పిల్లలకు చెప్పాడు. నాయనమ్మకు ఒరియా బాగా వచ్చు. అయినా తెలుగులోనే జవాబిచ్చింది.

“కొత్త కోడలైతే ఈ పాటికి నీళ్లకి రావాల కదా. ఇంకా లెగలేదేటి?”

పిల్లలు నవ్వారు. నేను అందరి కన్నా గట్టిగా నవ్వాను. నాయనమ్మ నవ్వలేదు. నా వైపు ఒక్క చూపు చూసి మళ్లీ నీళ్లవైపు తిరిగింది. ఆవిడకు అప్పటికే తెలిసిపోయిందని నా అనుమానం.

నడుమ ఒక బండ మీద ఆగి పులిహోర తిన్నాం. దాన్ని బ్రేక్‌ఫాస్ట్ దీవి అంటారు, మేం వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు. ఎదురుగా వచ్చిన చేపల పడవను ఆపి మా పడవవాడు ఏదో అడిగాడు. వాళ్లు నవ్వుతూ తలలు అడ్డంగా ఊపారు. నాయనమ్మ తాను తెచ్చిన వేపుడు చేప ముక్కల్లో పెద్దది నా ఆకులో వేసింది. తినండి మాస్టారూ, పొద్దుటి నుంచి మీ ముఖం బాగోలేదు అంది. ఆ ముక్క నాకు మింగుడు పడలేదు, ముల్లు లేకపోయినా.

తిరుగు దారిలో దక్షిణపు గాలి లేచింది. చిలికాను చిలికితే వెన్న రాకపోయినా నురగ వస్తుందని అప్పుడు తెలిసింది. పడవ ఊగుతోంది, ఇంజను గట్టిగా అరుస్తోంది, నా కడుపులో పులిహోరా వేపుడు ముక్కా పాత పగలు తీర్చుకుంటున్నాయి. పిల్లలు సగం మంది ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతున్నారు. అదిగో అనేవాళ్లు లేరు. నేను ఎడమ అంచు మీద వంగి తల నీళ్లవైపు పెట్టాను. రేవు కొండ దగ్గరవుతోంది. ఇక ఏమీ జరగదు అని తెలిశాక కూడా మనిషి కళ్లు వెతకడం మానవు. వాంతి చేసుకుంటూ కూడా నేను ఆ నురగలో ఒక వీపు కోసం చూశాను.

అప్పుడు పిల్ల గొంతు వినిపించింది. కేక కాదు, హాజరు పలికినట్టు మామూలుగా.

“మామ్మా, నాకు అవుపడింది.”

నిద్రపోతున్నవాళ్లు లేచారు. ఎక్కడ ఎక్కడ అంటూ అందరూ కుడి వైపుకు దూకేసరికి పడవ ఒరిగింది, పడవవాడు కసిరి కూర్చోబెట్టాడు. పిల్ల కుడి వైపు దూరంగా చేయి చూపిస్తోంది. నల్లటి వీపు, ఒక్కసారే తేలి మునిగిపోయిందట. ముందు ఊపిరి వినబడిందట, అయ్య చెప్పినట్టే. చెబుతూ నాయనమ్మ వైపు చూడలేదు. నా వైపు చూసింది.

ఆ చూపు నాకు అర్థమైంది. పాఠం రాని పిల్లవాడికి పక్క బల్ల నుంచి జవాబు అందించే పిల్ల చూపది. పందొమ్మిదేళ్లుగా ఎన్ని బల్లల దగ్గర ఆ చూపు పట్టుకుని చెవి మెలిపెట్టానో. ఆ రోజు ఆ జవాబు అందుకున్నాను. మూతి తుడుచుకుని, అవును, నేనూ చూశాను అన్నాను.

నాయనమ్మ ఆ చేయి చూపిన వైపు చూసింది. తరవాత మనవరాలితో నెమ్మదిగా అంది.

“ఇంజను ఆడతంది కదే. ఊపిరెలా ఇనపడ్డాది?”

పిల్ల చేయి దించేసింది. నాయనమ్మ నా వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది.

“మీరు అటేపు కక్కుకుంటన్నారు మాస్టారూ.”

చిన్న పిల్లలకు ఇదేమీ పట్టలేదు. డాల్ఫిన్ కనిపించింది, అంతే. రేవు చేరేసరికి ఇంకో ఇద్దరికి తోక కనిపించి ఉంది. మెట్లెక్కేసరికి నలుగురికి ముక్కు కూడా కనిపించింది. టీ కొట్టు దగ్గర ఒకటో తరగతి తాబేలు, అది తనను చూసి నవ్విందని ప్రమాణం చేశాడు. ఇంగ్లీషు బడి పిల్లలకు తలా ఒక టోపీ దక్కింది, మా పిల్లలకు తలా ఒక డాల్ఫిన్. చూడనిది ముగ్గురమే.

నేను రేవు సిమెంటు మెట్టు మీద కూలబడ్డాను. నాయనమ్మ వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది. పిల్ల పది అడుగుల దూరంలో, కోటు విప్పేసి, డాల్ఫిన్ బోర్డు కింద మాకు వీపు పెట్టి నిలబడింది. నేను పడవవాడి మాట గురించి, దెఖాజిబ గురించి, దాని రెండు అర్థాల గురించి ఆవిడకు చెప్పాను. నాకు రెండో గంట నుంచే తెలుసని కూడా చెప్పాను. ఆవిడ తలూపింది.

“నాకూ తెలుసు మాస్టారూ. నాచున్న కాడ ఆ సేప రాదు. మా ఆయన సెప్పీవోడు.”

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎలాగూ ఎక్కాం కదా, పడవ బాగుంది అంది. ఆ తరవాత రొంటిన ఉన్న కాగితం తీసి మడతలు విప్పింది. నీళ్లకు తడిసి, చెమటకు తడిసి మెత్తబడి ఉంది.

“నా మనవరాలికి అబద్దమాడ్డం రాదు. ఇయాళ మీ కోసం ఆడింది. మీరు మంచోరు మాస్టారూ. మంచోళ్ల కోసం ఆగిపోతే ఆడపిల్ల ఎక్కడికెల్తాది? సంతకం పెట్టండి.”

ఒక యేడాది గడువు ఇమ్మని అడగవచ్చు. పిల్ల లేకపోతే తొమ్మిది మందే మిగులుతారని చెప్పవచ్చు. చెబితే ఆవిడ ఆగిపోతుందేమో కూడా. ఆ భయంతోనే చెప్పలేదు. టీసీ అర్జీ మీద ముందుగా క్లాసు మాస్టారి సంతకం ఉండాలి, తరవాతే ప్రధానోపాధ్యాయుడు. కాగితం మోకాలి మీద పరుచుకున్నాను.

పిల్ల చేతిరాత. సెలవు చీటీ ఎలా రాయాలో నేనే నేర్పించాను, ఏటా అందరికీ నేర్పిస్తాను. మా బడిలో నేర్చుకున్న తెలుగు పనికొచ్చేది ఆ ఒక్క చీటీకే. దాన్నే పెంచి అర్జీ చేసుకుంది. ‘అయ్యా, నేను మీ పాఠశాలలో ఆరవ తరగతి చదువుచున్నాను. మా మేనత్త గారి ఊరు వెళ్లుచున్నందున’ అని మొదలైంది.

కింది దాకా చదివాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. మూడోసారి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను. ఒక్క తప్పు దొరికితే చాలు, ఇది సరిగా లేదమ్మా, సోమవారం తిరగరాసి తీసుకురా అనవచ్చు. మాస్టారు కాబట్టి ఆ హక్కు నాకుంది. సోమవారానికి ఏమైనా జరగవచ్చు. చదువులో చ ఉంది. వెళ్లులో వ ఉంది. చేయవలసినదిగా, విచారించి, అన్నిటిలోనూ చ తిన్నగా కూర్చుని ఉంది. కిందటేడు దాకా ‘పాఠశాల’లో ఠకు చుక్క మరిచిపోయేది, ఇప్పుడు చుక్క ఉంది. నల్లబల్ల మీద నేను ‘మీ విధేయుడు’ అనే రాస్తాను, ఆడపిల్లలందరూ అలాగే ఎక్కించుకుంటారు. ఈ పిల్ల ‘విధేయురాలు’ అని రాసింది. అది నేను చెప్పలేదు.

పొద్దుటి నుంచి ఆ నీళ్లలో వెతికినంత శ్రద్ధగా ఆ కాగితంలో వెతికాను. అక్కడ కనీసం ఒక చెప్పు తేలింది.

జేబులో చేయి పెడితే ఎర్ర కలమే ఉంది. ఎర్ర కలంతో అర్జీ మీద సంతకం పెట్టకూడదు కదండీ, సోమవారం బడిలో పెడతాను అన్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పిల్ల ఎప్పుడు ఇటు తిరిగిందో, తన సంచిలోంచి నీలం కలం తీసి, మూత తీసి, నా చేతికిచ్చింది.